తెల్లసొన మచ్చలు

గతవారం మనం వాల్‌బుర్గా అనే ఇల్లాలిని, ఎడమచేతిలో కోడిగుడ్డు తెల్లసొన గిన్నెతోనూ కుడిచేతిలో సన్నని కుంచెతోనూ, ‘బంగారు దుప్పి’ సత్రం పైగదిలో నిలబెట్టి వచ్చాం. ఏడు రోజులుగా పాపం అలాగే నిలబడి ఉంది. గిన్నెలో సొన ఎండిపోకముందే ఆమెను కదిలించడం మర్యాద.

అయితే ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవారికి రెండు ముక్కలు చెప్పాలి. ఆల్టెన్‌రోడ మహాసంస్థానం. దాని తూర్పు పొలిమేరలో ఆవు తల విదిలిస్తే పడమటి పొలిమేర కాపలావాడికి మెడగంట వినిపిస్తుంది. వెయ్యిన్ని ఏడువందల అరవై ఎనిమిదో సంవత్సరం ఫిబ్రవరి బురదలో ఆ సామ్రాజ్యం మీదికి దండెత్తి వచ్చిన విజేత పేరు బాల్తజార్ కుంజెల్. డాన్యూబ్ ఒడ్డున ఒకానొక బిషప్పుగారి కొలువులో రెండవ వరుస వయొలిన్ విద్వాంసుడు. ఆయన చతురంగ బలాలు: ఒక భార్య, విప్పి మడిచే ప్రయాణపు క్లావియర్ అనే మీటల వాద్యం ఒకటి, రెండు తోలుపెట్టెలు, ఒక కూతురు. కూతురి పేరు క్రెసెంటియా, ఇంట్లో జెంజీ. క్లావియర్ మీటల మీద పట్టుగుడ్డ కప్పేసినా ఒక్క స్వరం తప్పకుండా వాయించే ఈ పిల్లకు, గోడల మీద అంటించిన ప్రకటనల ప్రకారం ఆరేళ్ళు. చర్చి పుస్తకం ప్రకారం ఎనిమిది. దిగ్విజయయాత్రలో ఉన్న మేధావికి పుట్టినరోజులు రావని బాల్తజార్ గారి సిద్ధాంతం.

వయసు విషయంలో అబద్ధం ఆ వృత్తిలో అబద్ధమే కాదు, అలంకారం. అసలు అబద్ధం వేరే ఉంది. మశూచి ఇంకా రాని పిల్లను రాజులు తమ పిల్లల దరిదాపులకు రానివ్వరు. ఒకసారి వచ్చిపోయిన ఒంటికి అది మళ్ళీ రాదు గనుక, వచ్చిపోయిన పిల్లకైతే ఏ గుమ్మమైనా తెరుచుకుంటుంది. జెంజీకి రాలేదు. బాల్తజార్ కోటు లోపలి జేబులో మాత్రం మూడు ముద్రలు వేసిన వైద్యపత్రం ఉంది. జెంజీ నుదుటి పక్కన రెండు, గడ్డం కింద ఒకటి, మశూచి మచ్చలూ ఉన్నాయి. తెల్లసొనలో చిటికెడు సుద్దపొడి కలిపి చుక్క పెడితే, ఆరాక చర్మం ముడుచుకుని అచ్చం గుంటలాగే కనిపిస్తుంది. యూరపు అంతటా తల్లులు కూతుళ్ళ మచ్చల మీద పౌడరు అద్ది దాచుకుంటున్న రోజుల్లో, లేని మచ్చలను ప్రతి ఉదయమూ నాటుతున్న తల్లి వాల్‌బుర్గా ఒక్కతే.

ఇప్పుడు ఆరేళ్ళ యువరాజు జిగ్మంట్‌కు మశూచి పోసింది. జెంజీ వాయించే, కోకిల కూసినట్టుండే ఆ చిన్న పాట వినిపిస్తే తప్ప మందు మింగనని భీష్మించుకున్నాడు. వచ్చిపోయిన పిల్లే కదా, మర్నాడు పదకొండు గంటలకు రోగి మంచం పక్కన కూర్చుని వాయించాలని రాజమాత ఓడీలియా నిన్న సాయంత్రం ఆజ్ఞ పంపింది. బాల్తజార్ నేలకు తల ఆనేలా వంగి, మహాప్రసాదమన్నాడు. అక్కడ ఆగాం.

ఇక తెల్లసొన దగ్గరికి వద్దాం.

“అలా బొమ్మలా నిలబడ్డావేంటి? పది కొట్టింది,” అన్నాడు బాల్తజార్, అద్దంలో విగ్గు సవరించుకుంటూ. “పదకొండుకి అక్కడుండాలి.”

“పిల్ల అక్కడికి రాదండీ.”

“అక్కడికంటే?”

“మశూచి ఉన్న గదిలోకి.”

“మశూచి ఉన్న గదనకు. యువరాజుగారి శయనమందిరం అను.”

“అది శయనమందిరమని మశూచికి తెలుసా?”

బాల్తజార్ విగ్గు తీసి బల్ల మీద పెట్టాడు. విగ్గు లేని బాల్తజార్ మరీ చెడ్డవాడు కాదు. పద్నాలుగు ఊళ్ళు బళ్ళ మీద కుదేలై, పన్ను పుచ్చి, కూతురి వేళ్ళలో ఉన్నది తన వేళ్ళలో లేదని ఏనాడో తెలుసుకున్న మనిషి. ఆ తెలుసుకోవడాన్ని ఆశగా మార్చుకున్నాడు. ఆశను వృత్తిగా మార్చుకున్నాడు.

“చూడు, నెమ్మదిగా విను. ఆ కాగితం ఎనిమిది కొలువుల్లో చూపించాను. ఇద్దరు బిషప్పులు చేత్తో పట్టుకుని చదివారు. ఇవాళ అది ఉత్తదని చెప్తే రేపటి తపాలాతో ఎనిమిది చోట్లకీ తెలిసిపోతుంది. దొంగకాగితంతో రాజుల పిల్లల పక్కన కూర్చున్నానని నన్ను కోటలో పెడతారు. కోటంటే కచేరీకి కాదు.”

“తెలుసు.”

“తెలిసీ అంటున్నావా?”

“తెలిసే అంటున్నాను.”

“ఎన్ని ఊళ్ళు తిరిగాం! ఉల్మ్‌లో ఉంది మశూచి. ఆగ్స్‌బర్గ్‌లో మనం దిగిన వీధిలోనే ఉంది. దీన్ని తాకిందా? దేవుడు చూసుకుంటున్నాడే దీన్ని.”

“టోబియాస్‌ని కూడా దేవుడు చూసుకుంటున్నాడనే అన్నారు మీరు.”

ఆ పేరు ఆ దంపతుల మధ్య రెండేళ్ళుగా వినపడలేదు. టోబియాస్ జెంజీకి అన్న. కుంజెల్ ఇంట్లో మొదటి అద్భుతబాలుడు వాడే. ఐదేళ్ళకే చిన్న వయొలిన్ పట్టుకుని బిషప్పుగారిని ఏడిపించాడు. ఆ ఏడాదే మశూచితో పోయాడు. నెలల పిల్ల జెంజీని అప్పుడు అమ్మమ్మ ఊరికి పంపేశారు. ఆ రోజుల్లో ఇంటికి వచ్చిన వైద్యుడు, తరవాత ఎప్పుడో, రెండు కొవ్విన బాతులు అందుకుని రాసిచ్చినదే ఆ మూడు ముద్రల పత్రం. వైద్యుడు నిజాయితీపరుడు. అబద్ధం రాయనన్నాడు. ‘కుంజెల్ గారి సంతానమునకు మశూచి సోకి, ఆ ఇంటినుండి నిష్క్రమించినదని ధ్రువీకరించడమైనది’ అని రాశాడు. అక్షరాలా నిజం. ఏ సంతానానికో, నిష్క్రమించేటప్పుడు ఎవరిని వెంటబెట్టుకుపోయిందో ఆ కాగితం చెప్పదు. ఎనిమిది కొలువుల్లో ఎవరూ అడగలేదు.

“గుమ్మం దగ్గర కూర్చోబెడదాం,” అన్నాడు బాల్తజార్, గొంతు తగ్గించి. “ముక్కుకి వెనిగర్ గుడ్డ కడదాం. ఒక్క కోకిల పాట. కూ, కూ. అయిపోయింది. ఊపిరి బిగబట్టుకుని వాయించమందాం.”

వాల్‌బుర్గా భర్తను తేరిపార చూసింది. ఊపిరి బిగబట్టుకుని వాయించమనడం అతనికి నిజంగానే ఒక ఉపాయంగా తోస్తోందని ఆమెకు అర్థమైంది. ఈ మనిషితో వాదించి లాభం లేదు. చేయవలసినది ఇతనితో కాదు.

“జెంజీ! ఇలా రా. మొహం పెట్టు,” అని పిలిచి, కుంచెను గిన్నెలో ముంచింది.

“అదీ! నా బంగారమే!” అని బాల్తజార్ విగ్గు పెట్టుకున్నాడు.

జెంజీ కిటికీ దగ్గర నుంచి వచ్చి, అలవాటుగా గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకుంది. “అమ్మా, మొన్న గడ్డం కింద మచ్చ కుడివైపు పెట్టావు. ఇవాళ ఎడమవైపు పెడుతున్నావు.”

“కదలకు.”

“మచ్చలు నడుస్తాయా?”

“నీలాగే. ఒక చోట ఉండవు.”

ఈ పిల్లకు చిన్నప్పుడే చెప్పి ఉంచారు: నీకు మశూచి వచ్చి తగ్గింది, మచ్చలు చెరిగిపోయాయి, జనానికి గుర్తుండేలా అమ్మ మళ్ళీ దిద్దుతోంది అని. తల్లి చెప్పినదాన్ని పిల్ల నమ్మింది. ఇందులో వింత ఏముంది?

ఆ ఉదయం వాల్‌బుర్గా పెట్టిన మూడు చుక్కలూ ఆమె జీవితంలోకెల్లా శ్రద్ధగా పెట్టినవి. ప్రతి గుంటకూ అంచు తీర్చింది, ఊది ఆరబెట్టింది, దూరంగా జరిగి చూసుకుంది. అంత శ్రద్ధ ఎందుకో తొందరపడి అడగవద్దు, గంటసేపట్లో తేలిపోతుంది. బయలుదేరేముందు ఒక చేతిరుమాలు తీసుకుని, కూజాలో నీళ్ళతో నిండా తడిపి, పిండకుండానే నడుముకు కట్టుకున్న సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగేసరికి ఆమె లంగా ఒక పక్కన తడిసి కాలికి అంటుకుంది. మార్చినెల చలి. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

ఆల్టెన్‌రోడ రాజభవనంలో నూట పన్నెండు కిటికీలున్నాయని ప్రతీతి. వాటిలో నలభై గోడ మీద రంగులతో వేసినవి. రోగి గదికి ముందున్న చావడిలో మాత్రం కిటికీలు నిజమైనవే. అక్కడ నిప్పుగూడు పక్కన, ఎర్రపట్టు కప్పిన కుర్చీలో రాజమాత ఓడీలియా కూర్చుని ఉంది. భర్త పోయినప్పటినుంచీ ఆరేళ్ళ కొడుకు పేర రాజ్యమేలుతున్న మనిషి. మొహాన దట్టంగా పూసిన తెల్లపౌడరు కింద, నుదుటి నుంచి గొంతుదాకా మశూచి మచ్చలు. మూడు రోజులుగా నిద్రలేక, ఆ పౌడరు కళ్ళకింద ముద్దలు కట్టింది. ఆమె వెనక ఆస్థాన వైద్యుడు డాక్టర్ గుండర్‌మాన్, ముక్కుపొడి మరకలున్న నల్లకోటుతో, వంగిన వీపుతో, తన మాట ఎవరూ విననందుకు అలవాటుపడిన మొహంతో నిలబడ్డాడు. ఆయనకు ఎదురుగా మూసిన తలుపు. తలుపవతల దగ్గు.

బాల్తజార్ మూడుసార్లు వంగాడు. మూడో వంగడంలో జేబులోంచి పత్రం దానంతటదే బయటికి వచ్చింది.

“కాగితాలు తరవాత,” అంది రాజమాత. “పాప ఏది? రా తల్లీ. లోపల నీకోసం అడిగి అడిగి గొంతు పోగొట్టుకున్నాడు.”

జెంజీ ఒక అడుగు వేసింది. వాల్‌బుర్గా ఆ పిల్ల భుజం పట్టుకుని ఆపింది. 

“అమ్మగారూ, తమరు నన్ను తిట్టేముందు ఒక్కటి చూడాలి.”

“వాల్‌బుర్గా!” అన్నాడు బాల్తజార్, నవ్వుతూనే.

ఆమె సంచిలోంచి తడి రుమాలు తీసింది. నీళ్ళు పాలరాతి నేల మీద బొట్లుబొట్లుగా పడ్డాయి. కూతురి గడ్డం పట్టుకుని నుదుటి మీది మొదటి మచ్చ తుడిచింది. రెండోది తుడిచింది. గడ్డం కిందిది రెండుసార్లు రుద్దవలసి వచ్చింది. ఉదయం మరీ శ్రద్ధగా పెట్టింది కదా. ఎనిమిదేళ్ళ నున్నని మొహాన్ని వెలుతురువైపు తిప్పి, పక్కకు తప్పుకుంది.

రాజమాత కుర్చీలోంచి ముందుకు వంగింది.  

“ఇంకోసారి తుడువు,” అంది రాజమాత.

వాల్‌బుర్గా తుడిచింది.

“విచిత్రం.” రాజమాత తన చెంప తడుముకుంది. ఆమె వేళ్ళకు పౌడరు అంటింది. గుంటలు గుంటలుగానే ఉన్నాయి. “పన్నెండేళ్ళనుంచీ తుడుస్తున్నాను. నావి పోవేం?”

“అమ్మగారూ...”

“మూడు వారాలు! ఈ పిల్లని నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. నా పిల్లాడి పళ్ళెంలో తినిపించాను. ఏమయ్యా కుంజెల్, ఏంటిది?”

బాల్తజార్ మొహంలో రంగు లేదు. అయినా వృత్తి అలవాటు మనిషిని అంత తేలిగ్గా వదలదు. “ప్రభువులు మన్నించాలి. మా ఆవిడకి ప్రయాణాలు పడవండీ. పోయిన చలికాలంనుంచీ తల కాస్త...”

“నా తల బాగానే ఉందండీ,” అంది వాల్‌బుర్గా. “తెల్లసొన, సుద్ద. కలిపింది నేను, పెట్టింది నేను. కాగితం ఆయన తెచ్చారు, మచ్చలు నేను తెచ్చాను. ఇద్దరం కలిసే చేశాం. శిక్ష ఎవరికి ఎంతో తర్వాత తమరు తేల్చండి. పిల్ల మాత్రం ఆ తలుపు దాటదు.”

“నా ఆజ్ఞ అయినా?”

“అయినా.”

రాజమాత లేచింది. పొట్టి మనిషే, లేచినప్పుడు మాత్రం ఆ సంస్థానం కొంచెం పెద్దదైనట్టు కనిపించేది. “లోపలున్నది నా కొడుకు. వాడు మందు మింగడం లేదు. నీకు అర్థమవుతోందా?”

“నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుందమ్మా? ఒకడిని దానికి ఇచ్చేశాను. టోబియాస్ అని. ఐదేళ్ళు. ఆ కాగితంలో ఉన్నది వాడే.”

 తలుపవతల దగ్గు ఆగి మళ్ళీ మొదలైంది. ఇద్దరు తల్లులూ ఆ దగ్గు పూర్తయ్యేదాకా విన్నారు.

మర్యాద తెలిసిన రచయిత ఎవరైనా ఇక్కడ తెర దించేవాడు. తల్లి నిజం చెప్పింది, బిడ్డ దక్కింది, ఇక మిగిలినది తండ్రి జైలు. అలా జరగలేదు. జెంజీ, చుట్టూ ఉన్న పెద్దల మొహాలను ఒక్కొక్కటే చూసి, పాఠం అప్పగించే గొంతుతో అంది:

“అమ్మా, నేను నిన్ననే వెళ్ళానుగా.”

“ఎక్కడికి?”

“జిగ్మంట్ దగ్గరికి. మీరిద్దరూ కింద దివానుగారితో ఏ పాట ముందో మాట్లాడుతున్నారు కదా, అప్పుడు. వాడి దాది నన్ను వెనకవైపు మెట్లమీదుగా తీసుకెళ్ళింది. అక్కడ చిన్న క్లావియర్ ఉంది, ‘ఫా’ మీట పనిచెయ్యదు. కోకిల పాట రెండుసార్లు వాయించాను. వాడు నా చెయ్యి పట్టుకుని పడుకున్నాడు.”

“చెయ్యి పట్టుకుని,” అంది వాల్‌బుర్గా. 

“నాకేం కాదుగా! నాకు వచ్చి తగ్గిపోయిందిగా.” పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయింది. “నాన్న అందరికీ చెప్తారుగా. తొమ్మిది రోజులు మంచం మీదున్నాను. దుప్పటి మీద సరళీస్వరాలు వాయించుకున్నాను. నాకు గుర్తుంది. బాగా దురద పెట్టింది.”

ఎనిమిది కొలువుల్లో, మినుయెట్ నాట్యపు పాట అయిపోయి పళ్ళరసం వచ్చేలోపు, బాల్తజార్ ఆ కథ చెప్పని రోజు లేదు. దుప్పటి మీద సరళీస్వరాలు అనే చోట దొరసానులు రుమాళ్ళు తీసేవారు. కథ ప్రతిసారీ కొంచెం పెరిగేది. విన్నవారందరిలోకీ దాన్ని అతిశ్రద్ధగా విన్నది, బల్ల పక్కన కాళ్ళూపుతూ కూర్చున్న ఈ పిల్లే. జరగని జబ్బును దురదతో సహా జ్ఞాపకం చేసుకుంది.

బాల్తజార్ పాలరాతి నేల మీద కూలబడ్డాడు. విగ్గు పక్కకు ఒరిగింది. ఈసారి సవరించుకోలేదు.

డాక్టర్ గుండర్‌మాన్ మొదటిసారి నోరు విప్పాడు. “నిన్న ఎన్ని గంటలకి పాపా?”

“మూడు కొట్టింది. రెండోసారి కోకిల కూస్తుంటే గంట కలిసింది. శ్రుతి కలవలేదు.”

“మూడు.” ఆయన వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. “ఇంకా ఒక రోజు కాలేదు. అమ్మా, వినండి. తనంతట తాను వచ్చే మశూచి ఒంట్లో చేరాక, బయటపడ్డానికి పన్నెండు రోజులదాకా పడుతుంది. చర్మం గీసి నేను చేత్తో అంటువేస్తే ఏడెనిమిది రోజుల్లో వస్తుంది. తేలికగా వస్తుంది. ఇవాళే వేస్తే మనది ముందు చేరుతుంది. ముందు చేరింది వెనకదాన్ని రానివ్వదు.”

“ఖాయమా?”

“ఖాయమంటే నేను అబద్ధం చెప్పినట్టే. ఈ గదిలో ఇవాళ్టికి అవి చాలు. నూరుమందికి వేశాను. ఇద్దరు పోయారు. దానంతటది వస్తే నూరింట్లో ఇరవైమంది పోతారు.” కోటు లోపలినుంచి ఒక చిన్న కొమ్ముపెట్టె తీశాడు. “తోటమాలి కూతురికి తేలికగా పోసింది. దాని పొక్కులో తడిపిన నూలుపోగు ఇందులో ఉంది. పోయిన నెల తీశాను. యువరాజుగారికోసం తీశాను.”

అందరూ రాజమాతను చూశారు. ఆమె నిప్పుగూడును చూసింది.

“చర్చి గురువుగారు వద్దన్నారు,” అంది. “దేవుడు పంపని జబ్బును మనం పిలవకూడదన్నారు. నేను విన్నాను.”

“నేనూ వద్దంటున్నాను!” బాల్తజార్ లేచాడు. ఆ గొంతులో ఈసారి కచేరీ లేదు. “ఒక శవపేటిక మోశాను డాక్టరుగారూ. నా రెండు చేతుల్లో పట్టింది, అంతే ఉంది. నిక్షేపంలా ఉన్న పిల్లకి, మీ చేత్తో, విషం ఎక్కిస్తానంటే చూస్తూ ఊరుకోమంటారా? నిన్న అంటిందో లేదో ఎవరికి తెలుసు? అంటకపోతే? మీదే అంటితే?”

డాక్టరు కొమ్ముపెట్టెను పక్కనున్న బల్ల మీద పెట్టాడు. 

“తండ్రి ఒప్పుకోకపోతే నేను వెయ్యలేనమ్మా,” అన్నాడు డాక్టరు. “చట్టం. తల్లి మాట చెల్లదు.”

“చెల్లదు! విన్నావుగా?” బాల్తజార్ తలుపువైపు పరుగెత్తాడు. “గురువుగారిని తీసుకొస్తాను. ఆయన వచ్చి చెప్తారు. అందాకా పిల్లని ముట్టుకుంటే చూడండి!” బూట్ల చప్పుడు మెట్లమీదుగా దిగిపోయింది.

వాల్‌బుర్గా కదలలేదు. ఆమె చూపు నేల మీద ఉంది. అక్కడ, రుమాలునుంచి కారిన నీళ్ళ పక్కన, భర్త కూలబడినప్పుడు చేజారిన కాగితం ఉంది. మూడు ముద్రలు పైకి తిరిగి ఉన్నాయి. ఆమె వంగి తీసింది. దాని తడి అద్దింది. బల్ల మీద, డాక్టరు కొమ్ముపెట్టె పక్కన పరిచింది.

“డాక్టరుగారూ, నాకు చదువు అంతగా రాదు. కింద సంతకం ఎవరిది?”

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. “వైద్యుడిది ఒకటి. పక్కన... తండ్రి బాల్తజార్ కుంజెల్ అని.”

“నా పిల్లకి మశూచి వచ్చిందని ఆయన సంతకం పెట్టారా, లేదా?”

“పెట్టారు.”

“ఎనిమిది కొలువుల్లో ప్రమాణం చేశారు. ఈ కొలువులో అమ్మగారి ముందు చేశారు. ఇంతకంటే ఒప్పుకోవడం ఏముంటుందండీ?” కాగితం మీద అరచెయ్యి ఆన్చింది. “మీరు కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదు. ఈ కాగితాన్ని నిజం చెయ్యండి. చాలు.”

డాక్టర్ గుండర్‌మాన్ ముప్పైఏళ్ళ వృత్తిలో చాలా వాదాలు విన్నాడు. లాటిన్‌లో విన్నాడు, విశ్వవిద్యాలయాల్లో విన్నాడు. ఇంత గట్టిదీ ఇంత కంతలున్నదీ ఎప్పుడూ వినలేదు. ఆయన రాజమాతవైపు తిరిగాడు.

రాజమాత ఓడీలియా మెల్లగా నడిచి వెళ్ళి, కిటికీ ముందు, గదికి వీపు చూపుతూ నిలబడింది. “తోటలో మంచు కరుగుతోంది,” అంది. “చాలాసేపు చూడాలనిపిస్తోంది. నేను తోటను చూస్తున్నప్పుడు వెనక ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఈ సంస్థానంలో అందరికీ ఆ సంగతి తెలుసు.”

వాల్‌బుర్గా చావడి తలుపు దగ్గరికి వెళ్ళింది. ఇనపగడియ బరువైనది, ఇద్దరు సేవకులు వేసేది. ఒక్కతే భుజం ఆనించి తోసింది. గడియ పడింది.

“జెంజీ, చెయ్యి ఇవ్వమ్మా.”

పిల్ల వెంటనే ఇవ్వలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, అటు చూసి ఇటు చూసి, గంభీరంగా ఆలోచించింది. “కోకిల పాటలో కూత కుడిచేతిది. ఎడమది ఊరికే ఊయల ఊపుతుంది.” ఎడమ చేతి చొక్కా మడత భుజందాకా పైకి లాగింది. “ఇది తీసుకోండి.”

డాక్టరు చిన్న కత్తిని మంటలో తిప్పాడు. కొమ్ముపెట్టె మూత తీశాడు. లోపల ఒక అంగుళం నూలుపోగు, పసుపురంగుకు తిరిగి, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. తోటమాలి కూతురి జబ్బు అది. రాజకుమారుడి కోసం దాచింది. ఇప్పుడు రెండవ వయొలిన్ వాడి కూతురి కోసం లేచింది. ఇన్ని కొలువులు దిగకుండా ఏ వరమూ మనిషిని చేరదు కాబోలు.

మెట్ల మీద బూట్లు. ఒక జత కాదు, రెండు. తలుపు మీద గుద్దులు.

“వాల్‌బుర్గా! తియ్యి! గురువుగారు వచ్చారు! తియ్యవే!”

“ప్రభువులు తలుపు తీయించాలి!” అని ఇంకొక గొంతు, పొడవాటిది, ఆజ్ఞాపించడం అలవాటైనది.

కిటికీ దగ్గరి వీపు కదలలేదు. లోపలి గదిలో యువరాజు దగ్గు వినిపించింది. గడియ ఇనపకొక్కెంలో టకటక కొట్టుకుంది. గోడలోంచి సున్నం రాలింది.

“డాక్టరుగారూ,” అంది వాల్‌బుర్గా. పిల్లను ఒళ్ళోకి లాక్కుని, ఆ సన్నని చేతిని రెండు చేతులా బిగించి పట్టుకుంది. “ఆగకండి.”

కత్తి మొన ఎడమ భుజం కింద తాకింది. చర్మం మీద తలవెంట్రుకంత గీత తెల్లగా విచ్చుకుని, ఎర్రబడింది. జెంజీ పెదవి కొరుక్కుంది, ఏడవలేదు. డాక్టరు పటకారుతో నూలుపోగు ఎత్తి, గీత మీదికి తెచ్చాడు.

తలుపు పైబందు ఒకటి ఊడి నేల మీద గణగణమంది.

జెంజీ తల్లి చెవి దగ్గరికి మొహం జరిపి, ఇంకెవరికీ వినపడకుండా అడిగింది:

“అమ్మా, ఈసారి కూడా దురద పెడుతుందా?”